యంత్రానికి ‘చాలు’ నేర్పినాము

వడ్డించే చేతికి తనంతట తాను ఆగడం తెలియదు. తినేవాడు విస్తరి మీద చేయి అడ్డం పెట్టి ‘చాలు’ అనవలసినదే. మా బళ్ళారిలో పక్కింటి కన్నడంవారైతే ‘సాకు’ అంటారు. మాట ఏదైనా భావం ఒకటే. ఈ చిన్న మాట మనుష్యులకు పసితనంలోనే అలవడుతుంది. యంత్రానికి మాత్రం పనిగట్టుకొని నేర్పవలసి ఉంటుంది. నేర్పకపోతే ఏమవుతుందో మా మిద్దెమీదనే కళ్ళారా చూచినాము. ఆ కథనూ, దానివలన తెలిసిన నాలుగు సంగతులనూ చదువరులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము ఇంజనీర్లము కాము. గుమాస్తా ఉద్యోగం, పదవ తరగతితో చదువు ఆగినది. కార్యాలయంలో కాగితాలు కన్నడంలో వ్రాస్తాము, ఇంటికి వచ్చి తెలుగు మాట్లాడుకొంటాము. 1953 అక్టోబరు 1న బళ్ళారి మదరాసు రాష్ట్రాన్ని విడిచి మైసూరు రాష్ట్రంలో చేరినప్పటినుండి ఇక్కడి తెలుగు కుటుంబాల రివాజు ఇదే. మాకు విద్యుత్తు గురించి తెలిసినదల్లా ఫ్యూజు పోతే తీగె వేయడం. అటువంటి మేము సైతం ఇంట్లో ఒక చిన్న స్వయంచాలక యంత్రాన్ని అమర్చుకోగలిగినామంటే, అది మా ప్రజ్ఞ కాదు. ఈ కాలంలో పరికరాలు అంత చౌక అయినవి.

అమ్మ జాగారం

ముందుగా మా ఇబ్బంది ఏమిటో చెప్పాలి. మా వీధికి కొళాయి నీళ్ళు వారానికొకసారి వచ్చేవి. ఎండలు ముదిరితే పది దినాలు దాటేది. వచ్చేది కూడా చాలాసార్లు అర్ధరాత్రి తర్వాతనే. ఇంటిముందు నేలలో పదిహేనువందల లీటర్ల సంపు, మిద్దెమీద వెయ్యి లీటర్ల ట్యాంకు మాకున్నవి. నీళ్ళు సుమారు రెండు గంటలు వస్తాయి. సంపు గంటలోనే నిండి, దాని బెండు వాల్వు మూసుకుంటుంది. ఆ సమయంలో మోటారు వేసి నీటిని పైకి ఎక్కిస్తే సంపులో చోటు ఏర్పడి మళ్ళీ నిండుతుంది. ఎవరూ లేచి మోటారు వేయకపోతే ఆ రెండవ గంట నీళ్ళు మనవి కావు. అనగా ఇంట్లో ఒకరు మేలుకొని ఉండి తీరాలి.

ఆ ఒకరు మా అమ్మ. ఆమెకు డెబ్బయిరెండేళ్ళు. “మీరు పొద్దున్నే ఆఫీసుకు పోవాలి, పిల్ల కాలేజీకి పోవాలి. నాకేం పని?” అని ఆ బాధ్యత తన నెత్తిన వేసుకొన్నది. కొళాయి తిప్పి ఉంచి, దాని క్రింద ఖాళీ స్టీలు బిందె పెట్టి, వసారాలో పడుకొనేది. నీటి చుక్క బిందె అడుగున పడి ‘టంగు’మనగానే లేచేది. ఆ బిందెయే ఆమె అలారం గడియారం. మోటారు వేసి, టార్చిలైటు పట్టుకొని మెట్లెక్కి, ట్యాంకు మూత తీసి చూచి, నిండగానే దిగివచ్చి ఆపేది.

2023 మార్చి నెలలో ఒక రాత్రి ఆ మెట్ల మీద కాలు జారినది. కుడి మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టు కట్టినారు. కట్టుతో ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకొని అమ్మ అన్న మాట ఒక్కటే: “ఈ వారం నీళ్ళెవరు పడతారు నాయనా?” ఆ మాట మాకు ములుకువలె తగిలినది. ఏదైనా చేయాలి అనుకొన్నాము.

చేతిలో ఇమిడే బుద్ధి

మా అమ్మాయి అప్పుడు పి.యు.సి. చదువుతున్నది. “నాయనా, చిన్న కంప్యూటరు బోర్డు ఒకటి తెచ్చి మోటారుకు తగిలిద్దాము. మా కాలేజీలో పిల్లలు చేస్తున్నారు” అన్నది.

ఇంటి పనులను యంత్రానికి అప్పగించాలనే కోరిక కొత్తది కాదు. 1975లో స్కాట్లండులో ఎక్స్-టెన్ అనే పద్ధతిని కనిపెట్టినారు. ఇంటిగోడలలోని కరెంటు తీగెలలోనే సంకేతాలు పంపి దీపాలు వెలిగించడం, ఆర్పడం దాని పని. కాని అది సామాన్యుని చేతికి అందే వస్తువు కాదు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో ఆర్డువీనో అనే బోర్డు పుట్టినది. విద్యుత్తు చదువుకోనివారు కూడా నాలుగు పంక్తుల ఆజ్ఞలు వ్రాసి దీపాన్నో మోటారునో నడిపించడానికి అది దారి చూపినది. 2014లో చైనాలోని షాంఘై నగరంలో ఉన్న ఎస్ప్రెసిఫ్ అనే సంస్థవారి ఈ.ఎస్.పి.-8266 అనే చిప్పు బజారుకు వచ్చినది. వేలి గోరంత వస్తువులో వై-ఫై కూడా ఇమిడి ఉన్నది. ఆ చిప్పు ఉన్న బోర్డు మాకు మూడువందల రూపాయలకు దొరికినది. ఒక సినిమాకు ఇంటిల్లిపాదీ పోయి వస్తే అంతకంటె ఎక్కువ అవుతుంది.

ట్యాంకులో నీరు ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి ధ్వనితో కొలిచే పరికరం తెచ్చినాము. గబ్బిలం చీకటిలో ఎట్లా ఎగురుతుందో ఇదీ అట్లాగే పని చేస్తుంది. మనిషి చెవికి అందని, సెకనుకు నలభైవేల కంపనాల ధ్వనిని క్రిందికి పంపుతుంది. అది నీటికి తగిలి తిరిగి వస్తుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది గనుక, పోయి వచ్చిన కాలాన్నిబట్టి దూరం తెలుస్తుంది. నీరు మీటరు దూరంలో ఉంటే ప్రతిధ్వని రావడానికి సెకనులో వెయ్యవ వంతులు ఆరు మాత్రమే పడతాయి. ఆ లెక్క చూచి మేము నోరు వెళ్ళబెట్టినాము.

సంపులో సగానికి ఒక తేలే స్విచ్చి అమర్చినాము. సంపు సగం నిండగానే అది లేస్తుంది, బోర్డుకు తెలుస్తుంది, మోటారు తిరుగుతుంది. పైన ట్యాంకులో నీరు మూతకు పదిహేను సెంటీమీటర్ల దగ్గరికి రాగానే మోటారు ఆగాలని మా అమ్మాయి ఆజ్ఞ వ్రాసినది. ట్యాంకు గొంతుదాకా నిండాలని మా ఆశ. పట్టపగలు సంపులో నీరుండగా రెండు నిమిషాలు నడిపి చూచినాము. మోటారు దానంతట అది తిరిగినది. అమ్మ ముక్కున వేలేసుకొన్నది. ఆ రాత్రి ఇంట్లో అందరమూ నిశ్చింతగా నిద్రపోయినాము.

ఆ తెల్లవారు

మూడవ రాత్రి నీళ్ళు వచ్చినవి. యంత్రం మోటారు వేసినది. కాని ఆపలేదు.

మేము తెల్లవారి అయిదు గంటలకు లేచేసరికి మిద్దెమీదినుండి గోడ వెంబడి నీరు కారుతున్నది. ట్యాంకు పొంగి, సంపు యావత్తూ మోరీలో కలిసినది. పైన సంపు ఎండి, మోటారు నీరు లేక ఒట్టిగా తిరిగి తిరిగి కాలిపోయి కమురు వాసన కొడుతున్నది. వారం దినాల నీరు ఒక్క రాత్రిలో పోయినది.

అదే సమయానికి వీధి చివరి ఇంటామె రెండు ఖాళీ బిందెలతో వచ్చినది. వారి ఇల్లు గొట్టం చివర ఉండడంచేత ఆ రాత్రి వారికి నీళ్ళు సరిగా ఎక్కలేదు. మా వద్ద రెండు బిందెలు అడుగుదామని ఆమె రావడం, మోరీలో పారే నీటిని చూచి నిలబడిపోవడం ఒక్కసారే జరిగినవి. ఆమె కోపగించలేదు. “నిమ్మ మిషన్‌గె ‘సాకు’ అన్నోదు కలిసిల్లేనణ్ణా?” అని మెల్లగా అడిగి ఖాళీ బిందెలతో తిరిగిపోయినది. మీ యంత్రానికి ‘చాలు’ అనడం నేర్పలేదా అన్నా, అని. మోటారు బాగు చేయించడానికి రెండువేల ఎనిమిదివందలు అయినది. ఆ డబ్బు పోయినందుకు కలిగిన బాధ కొన్నాళ్ళకు మరచిపోయినాము. ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ చెవిలో ఉన్నది.

కారణం మా అమ్మాయే కనుక్కొన్నది. ఆ ధ్వని పరికరానికి ఇరవై, ఇరవైఅయిదు సెంటీమీటర్లలోపు ఉన్న వస్తువు కనబడదు. తాను పంపిన ధ్వని పూర్తిగా అణగకముందే ప్రతిధ్వని వచ్చేస్తే దానికి లెక్క తప్పుతుంది. మేమేమో పదిహేను సెంటీమీటర్ల దగ్గర ఆగమన్నాము. నీరు దగ్గరికి వచ్చేకొద్దీ అది గుడ్డిదైపోయినది. పరికరం అబద్ధమాడలేదు, మా ఆశయే దానిని గుడ్డిదానిని చేసినది.

రైతులు ముందే నేర్చిన పాఠం

ఆ తర్వాత ఆలోచించగా, ఇదే పొరపాటు మన తెలుగు రైతుల పొలాలలో ఎంతో పెద్దయెత్తున జరిగినదే కదా అనిపించినది. తెలంగాణలో వ్యవసాయానికి కరెంటు విడతలుగా, చాలాచోట్ల రాత్రివేళ వచ్చే రోజులలో, రైతు చీకటిలో గట్టువెంట పోయి మోటారు వేయవలసి వచ్చేది. పాముకాటు ఒక భయం, తడి చేతికి కరెంటు తగిలే భయం మరొకటి. అందుచేత రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకొన్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. రైతు ఇంట్లో పడుకోవచ్చును. మా అమ్మ కష్టం తప్పించడానికి మేము చేసినదీ ఇదే గదా!

కాని ఆ పెట్టెకు కరెంటు వచ్చినదా లేదా అన్నది ఒక్కటే తెలుసు. మడి నిండినదా, బావిలో నీరున్నదా అన్నది తెలియదు. నిండిన మడిలోనికీ నీరు తోడుతూనే ఉంటుంది. పైగా కరెంటు రాగానే ఊరిలోని మోటార్లన్నీ ఒకే క్షణాన లేస్తాయి. మోటారు బయలుదేరేటప్పుడు మామూలుకంటె కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది గనుక ట్రాన్స్‌ఫార్మరు మీద పెనుభారం పడుతుంది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు ఇవ్వబూనినప్పుడు, ఆటో స్టార్టర్లను తీసివేయండని ప్రభుత్వమూ విద్యుత్తు సిబ్బందీ రైతులను కోరవలసి వచ్చినది. కరెంటు పోనే పోకపోతే ఆ మోటార్లను ఆపేదెవరు? కరెంటు పోవడమే అంతవరకు వాటికి తెలిసిన ‘చాలు’. భూగర్భ జలం ఏమి కావాలి?

రైతుల తప్పు ఇందులో లేదు. ప్రాణభయంతో చేసుకొన్న ఉపాయం అది. అయితే యంత్రానికి ఆరంభం నేర్పి అంతం నేర్పకపోతే ఒకరి సుఖం ఊరి నష్టమవుతుందని దాని నీతి.

పూర్వం మన రాయలసీమ చెరువులకు నీరుగంటి ఉండేవాడు. తూము తీయడం ఎంత పనియో, వేళకు మూయడం అంతకంటె పెద్ద పని అతనికి. చెరువు కట్టిన పెద్దలు అతనొక్కనినే నమ్ముకోలేదు. నీరు హద్దు మీరితే దానంతట అదే పొర్లిపోయేందుకు మరవ కూడా కట్టినారు. ఒక అడ్డు తప్పితే మరొక అడ్డు.

రెండవ అడ్డు ఎంత అవసరమో మాకు అరవై కిలోమీటర్ల దూరంలోనే మరొకసారి తెలిసినది. 2024 ఆగస్టు 10 రాత్రి హోసపేట వద్ద తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయినది. ముప్ఫైమూడు గేట్లలో ఒకటి పోతే, నిండుకుండవంటి జలాశయాన్ని ఖాళీ చేస్తూ నీరు పోవడం చూచి ఈ జిల్లాల రైతులందరి గుండెలూ జారిపోయినవి. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడుగారి సలహామీద, ప్రవహించే నీటిలోనే ఉక్కు అడ్డుపలకలు ఒకదానిమీద ఒకటి దించి, వారం దినాలలో ఆ దారి మూసినారు. అంత పెద్ద ఆనకట్టకే ఒక్క గొలుసుమీద ఆధారపడితే అట్లయినప్పుడు, మా మిద్దెమీది ట్యాంకు ఎంత?

నాలుగు అడ్డులు

రెండవమారు యంత్రాన్ని అమర్చేటప్పుడు మోటారు ఎప్పుడు వేయాలన్నది తర్వాత చూచుకొన్నాము. ఎన్ని విధాల ఆగాలన్నది ముందు కాగితం మీద వ్రాసుకొన్నాము.

మొదటిది, ధ్వని పరికరాన్ని మూతమీద ఒక గొట్టం ముక్క నిలబెట్టి పైకి ఎత్తినాము. ట్యాంకు నిండినప్పటికి కూడా నీటికీ దానికీ ముప్ఫై సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. పరికరం చెప్పే లెక్క పొంతన లేకుండా ఉంటే ‘ట్యాంకు నిండినట్లే’ అని భావించి మోటారు ఆపాలని ఆజ్ఞ. సందేహం వస్తే ఆగడమే క్షేమం.

రెండవది, ట్యాంకు పైభాగంలో ఒక తేలే స్విచ్చి. దీనికి బోర్డుతో సంబంధం లేదు. బోర్డుకు మతి పోయినా, నీరు పైకి రాగానే ఇది మోటారును ఆపుతుంది. నీటిమీద తేలే బెండుతో ప్రవాహాన్ని అదుపు చేయడం క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరపు క్టెసిబియస్ తన నీటి గడియారంలో వాడిన ఉపాయమట. పాతదే, అయినా కొత్తదానికి కాపలా కాస్తుంది.

మూడవది, సంపు అడుగున మరొక తేలే స్విచ్చి. నీరు అడుగంటితే మోటారు ఆగుతుంది. ఒట్టిగా తిరిగి కాలిపోదు.

నాలుగవది, కాలపరిమితి. మా ట్యాంకు అడుగునుండి నిండడానికి ఇరవైఎనిమిది నిమిషాలు పట్టినది. ముప్ఫైఅయిదు నిమిషాలు దాటితే ఏదో తేడా ఉన్నదన్నమాట; బోర్డు మోటారు ఆపి, గంట మ్రోగించి, మనిషి వచ్చి మీట నొక్కేదాకా తిరిగి వేయదు.

రెండు స్విచ్చిలనూ, బోర్డు అదుపులోని రిలేనూ ఒకే దారంలో గ్రుచ్చిన పూసలవలె వరుసగా కలిపినాము. ఏ ఒక్కటి తెగినా మోటారుకు కరెంటు అందదు. కరెంటు పోయి వచ్చినప్పుడు వెంటనే మోటారు వేయకుండా మూడు నిమిషాలు ఆగేట్లు చేసినాము. ఇది ఆటో స్టార్టర్ల కథనుండి నేర్చుకొన్నది. వీటన్నిటికీ ప్రక్కన అమ్మ చేతికి అందేట్లు ఒక మామూలు స్విచ్చి ఉన్నది. దానిని ఆర్పితే ఏ యంత్రమూ మోటారును వేయలేదు.

ఖర్చు లెక్క: బోర్డు 300, ధ్వని పరికరం 350, తేలే స్విచ్చిలు మూడు 750, రిలే 80, కాంటాక్టరు 700, కరెంటు అడాప్టర్లు రెండు 450, పెట్టె, తీగెలు 400, వెరసి 3,030 రూపాయలు. మొదటి మోటారు రిపేరు 2,800ను మేము స్కూలు ఫీజు పద్దు క్రింద వ్రాసుకొన్నాము.

చేయదలచినవారికి

మూడు హెచ్చరికలు. చిన్న రిలే మీద పది ఆంపియర్లని వ్రాసి ఉన్నదని నేరుగా మోటారును దానికి తగిలించకండి. ఒక హార్సు పవరు మోటారు నడిచేటప్పుడు తీసుకొనేది తక్కువే అయినా, బయలుదేరేటప్పుడు కొన్ని రెట్లు లాగుతుంది. రిలే లోపలి బిళ్ళలు అతుక్కొనిపోయి మోటారు ఇక ఆగదు. మధ్యలో కాంటాక్టరు ఉండాలి. నీటిలోకి దిగే ఏ తీగెలోనూ 230 వోల్టులు పోకూడదు; మేము 24 వోల్టుల కాంటాక్టరు వాడినది అందుకే. మోటారు వైపు పనంతా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేతనే చేయించండి. ఎర్తు, ముప్ఫై మిల్లీ ఆంపియర్లకు తెగే ఆర్.సి.సి.బి. తప్పక ఉండాలి. పైసలు మిగిల్చే చోటు ఇది కాదు.

ఇంకొక మాట. ఫోనులోనుండి నడిచే పరికరాలు బజారులో తయారుగా దొరుకుతాయి. కొన్నిటికి ఆజ్ఞ మన ఇంటినుండి ఏదో దేశంలోని కంప్యూటరుకు పోయి తిరిగి రావాలి. అమెరికాలో రివాల్వ్ అనే ఇంటి యంత్రాన్ని మూడువందల డాలర్లు పెట్టి కొన్నవారు ఉన్నారు. ఆ సంస్థను నెస్ట్ అనే మరొక సంస్థ 2014లో కొని, 2016లో దాని వెనుకనున్న కంప్యూటర్లను ఆపివేసినది. చెడిపోని యంత్రాలు కూడా మూలపడినవి. అందువలన మా బోర్డును ఇంటి వై-ఫై దాటి పోనివ్వలేదు. ఇంటర్నెట్టు ఉన్నా లేకపోయినా అది తన పని తాను చేస్తుంది. నడిపే అధికారమూ ఆపే అధికారమూ ఇంట్లోనే ఉండాలని మా అభిప్రాయం.

రెండవ యంత్రం పని చేసిన మొదటి రాత్రి మేమూ అమ్మాయీ సంపు ప్రక్కన కుర్చీలు వేసుకొని మేలుకొన్నాము. రెండు గంటల వేళ నీళ్ళు వచ్చినవి. మోటారు తిరిగినది. పైన నీరు నిండినది. టక్కుమని ఆగినది. ఆ ‘టక్కు’ వినడానికే అంత రాత్రి కూర్చున్నాము. తెల్లవారి మొదటి రెండు బిందెలూ మా అమ్మాయి వీధి చివరి ఇంటికి తీసుకొనిపోయి ఇచ్చి, “ఈగ కలిసిదేవి అక్కా” అని చెప్పి వచ్చినది. ఇప్పుడు నేర్పినాము అక్కా, అని.

అమ్మ ఇప్పుడు లోపలి గదిలో పడుకొంటున్నది. అయినా నీళ్ళు వచ్చే రోజని తోస్తే కొళాయి క్రింద ఖాళీ బిందె పెట్టే పడుకొంటుంది. తీసివేయమని మేము చెప్పలేదు. ఆమెకు అది అయిదవ అడ్డు.